మొదటి చెంచా

పొలం విషయంలో నన్ను నిలువునా ముంచిన మా పెద్దన్న పోయి ఏడాదైంది. నా గుండె ఆపరేషనైన రాత్రి, పక్కనున్న ఖాళీ మంచం మీద నుంచి వాడి గొంతు వినిపించింది.

అప్పటికే శ్వాస గొట్టం తీసేశారు. దాహంతో నా నాలుక పిడచగట్టింది.

“ఇప్పుడే వద్దు బాబాయ్. గొంతింకా మొద్దుబారి ఉంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి,” అని నర్సమ్మ తడిదూదితో నా పెదాలు అద్ది వెళ్లింది.

“తాగరా తమ్ముడూ. తాగితే నీ పొలం నీకిచ్చేస్తా,” అన్నాడు అన్న. చల్లటి గ్లాసు అంచు పెదవికి తగిలింది. నోరు తెరిచాను.

నర్సమ్మ వచ్చి గ్లాసు లాగేసింది. ఖాళీ మంచం వైపు తిరిగి, “పెద్దాయనా, నీళ్లెప్పుడివ్వాలో నాకు తెలుసు. నువ్వెళ్లు,” అంది. ఆమె గొంతు వణకలేదు. ఏం గుండె ఆ తల్లిది!

మంచం కిర్రుమంది. తర్వాత చప్పుడు లేదు.

తెల్లారాక నన్ను కూర్చోబెట్టి, దగ్గించి చూసి, మొదటి చెంచా పోసింది. హాయిగా దిగింది.

అన్న మళ్లీ రాలేదు. నాకు పోయింది ఆ ఎకరన్నర పొలమే.