హస్తవాసి

పొద్దున లేచి చూసేసరికి కుండీలోని జేడ్ మొక్క దళసరి ఆకులు మరో ఏడు రాలిపోయి ఉన్నాయి. కాంపౌండరు ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కాడు. నీరు కారింది. కాండం మొదట్లో నల్లబడింది.

వెంటనే ఇంకో చెంబు నీళ్లు పోశాడు. మొక్కల విషయంలో ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే.

మంచి హస్తవాసికి ఆస్పత్రిలో ఆయన పెట్టింది పేరు. డాక్టర్లు మారినా, సూది మాత్రం కాంపౌండరు గారే వెయ్యాలని పట్టుబట్టేవారు రోగులు. ఆ చెయ్యి మొక్కలకూ పనిచేస్తుందని ఆయన నమ్మకం. ఇరవై రెండేళ్ల కిందట, ఈ ఇంట్లో దిగిన రోజున, తోపుడు బండి మీద కొని భార్యకిచ్చాడు దీన్ని. ఇచ్చాడన్న మాటే గానీ నీళ్లు తానే పోసేవాడు, రోజూ. ఆకులు వాడితే రెండు పూటలా పోసేవాడు. వారం తిరక్కుండా మొక్క మళ్లీ నిగనిగలాడేది.

"చూశావా?" అనేవాడు మీసం దువ్వుతూ.

"మీ చెయ్యి అలాంటిది మరి," అనేది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

ఇన్నేళ్లయినా మూరెడు దాటలేదేమని పక్కింటాయన అడిగితే, "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు. ఇది గట్టి జాతి," అని నోరు మూయించేవాడు.

మూడు నెలల కిందట ఆవిడ మంచాన పడింది. సూదులన్నీ ఆయనే వేశాడు. ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు. నెల తిరిగేసరికి ఆవిడ పోయింది. అప్పట్నుంచి ఆస్పత్రిలో సూది వెయ్యాల్సి వస్తే ఆయన నర్సును పిలుస్తున్నాడు.

"నాన్నా, నీళ్లెక్కువైతే ఇది కుళ్లిపోతుందట. పదిహేను రోజులకోసారి పోస్తే చాలట," అంది కూతురు.

"ఇరవై రెండేళ్లు నా నీళ్లతోనే బతికిందమ్మా. నీళ్లు కాదు. అమ్మ లేదని దిగులు పెట్టుకుంది."



ఇదీ పోతే తన చేతిలో ఏమీ లేదని తేలిపోతుంది. ఆ భయంతోనే కుండీని పాత తువ్వాల్లో చుట్టి, సెలవు పెట్టి, బజారు చివర నర్సరీకి నడిచాడు. ఆ గేటు లోపల అడుగుపెట్టడం ఆయనకదే మొదలు.

నర్సరీ ముసలాయన కాండాన్ని గోటితో గీరి చూసి పెదవి విరిచాడు.

"లాభం లేదండీ. వేరుదాకా కుళ్లింది."

"అలా అనకండి. మా ఆవిడ ముట్టుకున్న మొక్క ఇది. ఏదో ఒకటి చేసి బతికించండి."

ముసలాయన మొక్కను వదిలేసి, కుండీ విరిగిన అంచును తడిమాడు. తర్వాత కాంపౌండరు వెనకవైపు, ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"ఆర్నెల్లకోసారి ఈ కుండీ పట్టుకొచ్చి, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేలోపు సరిగ్గా ఇంతే ఎత్తు మొక్క పెట్టివ్వమని తొందరపెట్టే అమ్మగారు, ఈసారి రాలేదేమండీ?"