నీడ సభకు పందిరి

అడవిలో 'నీడను కాపాడుకుందాం' అని మహాసభ పెట్టారు. ఏర్పాట్లన్నీ ఎలుగుబంటి నెత్తిన పడ్డాయి. పడ్డాయేమిటి, తనే ఎగబడి వేసుకున్నాడు! చుట్టుపక్కల అడవుల నుంచి వచ్చే అతిథులు నోరెళ్ళబెట్టేంత పందిరి వేయాలని అతని ఆశ. ఏనుగుల్ని పురమాయించి వాగొడ్డు కానుగ చెట్ల కొమ్మలన్నీ విరిపించాడు.

చివరి కానుగ దగ్గర ఉడుత అడ్డం కూర్చుంది.

"మామా, ఈ ఒక్కటీ వదిలెయ్. గూట్లో నా పిల్లలు ఇంకా కళ్ళు కూడా తెరవలేదు."

"సభ ముఖ్యమా, నీ గూడు ముఖ్యమా?" అని గుర్రుమన్నాడు గానీ, అప్పటికే అతిథులు వచ్చేస్తుండడంతో అటు పరుగెత్తాడు.

పొద్దున పందిరి పచ్చగా కళకళలాడింది. మధ్యాహ్నానికి ఆకులు వడలి ముడుచుకున్నాయి. జల్లెడలోంచి పిండి రాలినట్టు ఎండ నెత్తిన రాలింది. ఎలుగుబంటి మాత్రం కళ్ళు మూసుకుని, నీడ గొప్పతనం మీద ఉపన్యాసం దంచుతున్నాడు. చప్పట్లు వినబడక కళ్ళు తెరిస్తే ఎదురుగా ఒక్క ప్రాణీ లేదు. అందరూ ఉడుత చెట్టు కింద హాయిగా కునుకు తీస్తున్నారు!

మండిపడుతూ బయల్దేరాడు. దారిలో అరికాళ్ళు కాలాయి. కానుగ నీడలోకి చేరేసరికి కోపం కాస్తా చల్లారిపోయింది.

"రా మామా, నీకూ చోటుంచాం," అంది ఉడుత.

ఎలుగుబంటి సిగ్గుపడుతూ చతికిలబడ్డాడు. "వచ్చేసారి సభకైనా వాడిపోని పందిరి వేయాలే!"

"వేద్దాం మామా. కాకపోతే పని ఇవాళే మొదలెట్టాలి," అంటూ ఉడుత అతని అరచేతిలో ఒక కానుగ గింజ పెట్టింది.