ముత్తెన్న రాజపత్రం

తన ఇంటి కాగితాన్ని తానే దొంగిలించాలని ముత్తెన్న నిర్ణయించుకున్నాడు. ఇంకో దారి లేదు మరి.

బాన్సువాడలో గ్రంథాలయం పెట్టిన కొత్తలో దాన్ని నడిపే దేవిదాస్ ఇల్లిల్లూ తిరిగి పాత ఉత్తరాలు, తాళపత్రాలు అడిగి తెచ్చాడు. అటక మీద ఎలుకల పాలయ్యేదేగా అని ముత్తెన్న కూడా ఒక కాగితం ఇచ్చాడు. అది మోడి లిపిలో ఉంది. ఆ పాత మరాఠీ గొలుసుకట్టు రాత ఊళ్లో ఒక్కరికీ రాదు. ఆ ధీమాతోనే కోతలు కోశాడు.

"మా ముత్తాతను మెచ్చి రాజు రాసిచ్చిండు!"

ఊరు నమ్మింది. కాగితాన్ని బీరువాలో పెట్టింది. దసరానాడు మొదటి జమ్మి ముత్తెన్న చేతిలోనే పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఒక్క రోజు కోసం ఆయన ఏడాదంతా మీసాలు దువ్వుకునేవాడు.

అసలు సంగతి ఆయనకు తెలుసు. తండ్రి చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంచింది. అత్తింటివాళ్లు గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ ఆ కాగితం చూపించి తిట్టేది: "మీ ముత్తాత బర్రెల దొంగ! ఇగ దొంగతనం చెయ్యనని రాజు రాయించుకున్న కాయితం గిది!"

అలాంటిది ఇప్పుడు దేవిదాస్ మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"ముత్తెన్నా, జుక్కల్ ఊర్ల మోతీరాం తాత ఉన్నడు గదా, ఆయనకు మోడి వస్తదట! మీ ఇంటి కాయితమని చెప్పి పిలిచిన. దసరానాడు ఊరందరి ముంగట సదువుతడు!"

"గంత ముసలాయనకు తక్లీఫ్ ఎందుకే?"

"బండి కట్టి తోల్కొస్తం. నువ్వేం ఫికర్ చెయ్యకు!"

ముత్తెన్న గుండెల్లో రాయి పడింది. ఊరందరి ముందు బర్రెల దొంగ మునిమనవడు! ఇక జమ్మి సంగతి దేవుడెరుగు, బజార్లో తలెత్తుకోగలడా?

ఆ పూటే చాయ్ నీళ్లలో ఒక కాగితం ముంచి ఆరబెట్టాడు. పైన అడ్డగీత గీసి, దాని కింద వరసగా జిలేబీలు చుట్టాడు. తన సంతకం తప్ప ఏ రాతా రాని మనిషి, అయినా పని మురిపెంగా కుదిరింది. ఎవరు చదివినా అర్థం కాదనే అంటారు, అంతకన్నా కావలసిందేముంది?

దసరా ముందు గ్రంథాలయంలో తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాసి, కాగితాలను వసారా నీడలో ఆరబెట్టడం ఆనవాయితీ. పిలవని పేరంటానికి వెళ్లినట్టు ముత్తెన్న సాయానికి వెళ్లాడు. దేవిదాస్ రెండు చేతులకూ నూనె పూసుకుని ఉన్న సమయం చూసి, అసలుది బనీనులోకి, జిలేబీలు నేల మీదికి. అంతే!

ఇంటికొచ్చి అసలు కాగితాన్ని పొయ్యిలో పడేశాడు.

"ఏందది?" అంది రొట్టెలు కాలుస్తున్న భార్య భూమవ్వ.

"మన ఇంటికి పట్టిన శని. ఇగ పీడ పోయింది!"

ఆ మంట మీదే కాలిన రొట్టె ఆయనకు అమృతంలా ఉంది.

దసరానాడు గ్రంథాలయం ముందు జనం కిటకిటలాడారు. మోతీరాం అద్దాలు సవరించుకుని, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, గొంతు సవరించుకున్నాడు. అర్థం కాలేదనే మాట కోసం ముత్తెన్న చెవులు రిక్కించాడు.

"ఊరి పశువులను దొంగల చేతులకెల్లి విడిపించిన శూరుడా! నీ ధైర్యానికి మెచ్చి శాలువా కప్పుతున్నం..."

జనం చప్పట్లు. ముత్తెన్న నోట్లో కండువా కుక్కుకున్నాడు. ఏడుపు కాదు, నవ్వు! ఓరి ముసలోడా, నా జిలేబీల్లో ఎన్ని బిరుదులున్నాయిరా! దొంగకు దొంగే దిక్కన్నమాట. ఆ ఆనందంలోనే మొదటి జమ్మి అందుకున్నాడు.

మధ్యాహ్నం మోతీరాంను ఇంటికి భోజనానికి తోడ్కొని వెళ్లాడు. బూరెలు వడ్డించాడు. నెయ్యి ధారగా పోశాడు. పొంగుకొస్తున్న నవ్వు ఆపుకోలేక చెవిలో గుసగుసలాడాడు.

"తాతా, మన ఇద్దరి మధ్యనే ఉంటది గని, నిజం జెప్పు. గా కాయితంల నీకేం కనవడ్డది?"

మోతీరాం చేయి విస్తట్లోనే ఆగిపోయింది. మెల్లగా గొంతు తగ్గించాడు.

"దొరకవట్టినవ్ బిడ్డా. కండ్లు కానరాక రెండేండ్లాయె. గుడ్డోడినంటే ఎవరు పిలుస్తరని చెప్పలే. గని నేను అబద్ధం సదవలే. నువ్వు ఉయ్యాలల ఉన్నప్పుడు మీ నాయినకు గా కాయితం సదివి పెట్టింది నేనే, ఒక్క ముక్క మర్వలే. మీ ముత్తాత అసుంటోడు మళ్ల పుట్టడు, గా కాయితం పైలంగ దాసుకో!"