పాత చీరె

బొంబాయిల మిల్లుల సంపు, గదే సమ్మె, నడిచి పని బందైన ఎండకాలం. "పోరలకు ఘారాపురి దీవి, గా ఎలిఫెంటా గుహలు సూపిస్త," అన్నడు నా పెనిమిటి మొగులయ్య. కామాటిపుర చాలిల, వరుస అర్రలల్ల మాకున్న ఒక్క అర్రల ఉడుకుతున్న పోరలిద్దరు గంతులేసిన్రు.

"పాత చీరె కట్టుకో, లచ్చమ్మా. ఉప్పునీళ్లకు కొత్తది కరాబైతది."

నా చీరె మీద గూడ ఇంత పావురమా అని మురిసిన. సంచి గూడ ఆయనే సదిరిండు.

లాంచి దిగంగనే పోరలు కొబ్బరిచెట్ల దిక్కు ఉరికిన్రు. గుట్టకు మెట్లు కట్టిస్తున్న మేస్త్రి ఎదురొచ్చిండు.

"జోడీని తెస్తనన్నవ్, తెచ్చినవ్ మొగులయ్యా. రాళ్ల గంపలు అందుకోండ్రి."

"సైరుకని, దీవి సూడనీకని తెచ్చినవ్ గద?" అని మొగులయ్యను అడిగిన.

"అమ్మా, రా!" అని పోరలు పిలుస్తనే ఉన్నరు.

ఆయన నా మొకం సూడలే. సంచిల రొట్టెల కింద నుంచి, గంప మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే నా సుట్టబట్ట తీసి చేతిల పెట్టిండు.