ఫైలు చార్జీ

“ఈ ఫైలు చార్జీ దేనికండీ?”

విజయనగరంలోని ఆ హోమ్ లోన్ ఆఫీసులో, ఇమ్మానుయేలు చేత ఆఖరి సంతకం పెట్టించబోతున్న జగన్నాధం తలెత్తాడు. అడిగింది ఇమ్మానుయేలు కాదు, అతని భార్య మెర్సీ కూడా కాదు. మెర్సీ పక్క కుర్చీలో కూర్చున్న కళ్లజోడావిడ. చార్జీల కాగితం అప్పటికే ఆవిడ చేతిలోకి వెళ్లిపోయింది.

మెర్సీకి అక్క అయి ఉంటుందనుకున్నాడు జగన్నాధం. ఇలాంటి అక్కలు అతనికి కొత్త కాదు. పదేళ్ల సర్వీసులో ఎంతమందిని చూడలేదు!

“ఫైలు తయారుచేసినందుకండి,” అన్నాడు తేలిగ్గా.

“ప్రాసెసింగ్ ఫీజు తీసుకున్నారు కదా. అది ఫైలు తయారుచెయ్యడానికి కాదేటి?”

“అది వేరండి.”

“ఎలా వేరో సెప్పండి, ఇంటాను.”

జగన్నాధం సంతకం కాగితాన్ని ఇమ్మానుయేలు వైపు ఇంకాస్త జరిపాడు. ఆవిడ కాగితం మీద వేలు ఇంకో వరుసకి జరిపింది.

“లీగల్ ఫీజు ఒకటి, డాక్యుమెంట్ల పరిశీలన ఒకటి. లాయరుగారు ఎంతమందండీ?”

“ఒక్కరేనండి.”

“ఆయన దస్తావేజులు ఎన్నిసార్లు సూసేరు?”

“ఒకసారే...”

“అయితే ఫీజు కూడా ఒకటే.”

ఇమ్మానుయేలు, మెర్సీ ముందుకు వంగి వింటున్నారు. నెల్లిమర్లలో వాళ్ల ఇల్లు గోడలు లేచి, స్లాబు పడి, గృహప్రవేశం దాకా వచ్చింది. ఈ చార్జీలన్నీ కట్టాలంటే కరెంటు మీటరుకని దాచుకున్నది తియ్యాల్సిందే. అయినా లోను ఆగిపోతుందేమోనన్న భయంతో మారుమాట లేకుండా సంతకానికి సిద్ధపడ్డారు.

“స్టాంపు డ్యూటీ కూడా తీసెయ్యమంటారా?” జగన్నాధం వెటకారం చేశాడు.

“అదెందుకు తీస్తారండీ? గవర్నమెంటుకెళ్తాది, కట్టాల్సిందే. ఈ ఇన్సూరెన్సు సంగతి సెప్పండి. తప్పనిసరని ఎక్కడ రాసున్నాది?”

ఎక్కడా రాసి లేదు. జగన్నాధం విసురుగా లేచి, కాగితం తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు. తలుపు వెనక గొంతులు కాసేపు లేచి, తర్వాత తగ్గాయి. అతను తిరిగి వచ్చేసరికి ఆ మూడు చార్జీలకీ అడ్డగీతలు పడ్డాయి. పక్కన మేనేజరు సంతకం కూడా ఉంది.

మెర్సీ పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇమ్మానుయేలు వెన్ను నిటారుగా పెట్టి, ఇంటిపేరుతో సహా పూర్తిగా సంతకం చేశాడు.

ఓడిపోయినా జగన్నాధానికి ఎందుకో ముచ్చటేసింది. అడిగే హక్కు అందరికీ ఉంది, ఇంత వివరంగా అడిగేవాళ్లే తక్కువ.

“భలే అక్కగారండీ మీకు,” అన్నాడు మెర్సీతో.

మెర్సీ తెల్లబోయింది. “అక్కేటండీ? ఈవిడ మీ ఆఫీసు పెద్ద మేడం కాదేటి?”

ముగ్గురూ ఒక్కసారే ఆవిడ వైపు తిరిగారు.

ఆవిడ తాపీగా కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది. చేతిసంచిలోంచి ఇంకో చార్జీల కాగితం తీసి, మడత విప్పి జగన్నాధం ముందు పరిచింది.

“నా పేరు పద్మకుమారండి, బొబ్బిలి నుంచి వొచ్చేను. నా లోనుకి కూడా ఇయ్యే మూడు ఏసేరు. అడిగితే తీస్తారో లేదోనని, ముందు వీళ్ల కాగితం మీద అడిగి సూసేను.”