నాలుగా, ఆరా?

"రెండూ కవలలే మేడం. గుణాలే వేరు," అంటూ కార్ల బాబాయ్ షెడ్డు షట్టరు పైకెత్తాడు.

లోపల పక్కపక్కనే రెండు జర్మన్ సెడాన్లు. ముప్పై అయిదేళ్ళ నాటివి. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. ఊరు మొత్తం మీద ఆ మోడల్ కార్లు ఆ రెండే.

పాత కార్ల పత్రికకి రెండింటినీ పోల్చి రాస్తానని ఆమె ఫోన్ చేసినప్పటి నుంచి బాబాయ్ కాలు నేల మీద నిలవడం లేదు. ఆమె వెంట కెమెరాతో ఒకతను వచ్చాడు. మనిషి నోరు విప్పడు. చూస్తాడు, ఫొటో తీస్తాడు.

"తెల్లదానికి ఆరు సిలిండర్లు. పెళ్ళాంపిల్లలతో షికారుకి బాగుంటుంది. నల్లదానికి నాలుగే. కానీ ఇది రేసుల కోసం పుట్టింది. నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. మా అబ్బాయికి కూడా తాళం ఇవ్వను."

ఆమె నల్లకారు ముందు వంగింది. "కుడివైపు లైటు కొత్తదా?"

"పిల్లి అడ్డొచ్చింది మేడం. ఎదురొస్తే మనకి అపశకునం అంటారు. ఆ రోజు దానికే అయింది!" పెద్దగా నవ్వాడు బాబాయ్.

ఆమె నవ్వలేదు. పుస్తకంలో ఏదో రాసుకుంది.

"చప్పుడులో తేడా వినాలి," అంది. "నేను మీ ఆఫీసు గదిలో కూర్చుంటాను. ఇతను ఫోన్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతాడు. మీరు ఒక్కో కారూ అతని ముందు నుంచి పోనివ్వండి."

"ఫోన్లోనా? ఎదురుగా ఉండి వినొచ్చుగా?"

"ఈ రోజుల్లో అందరూ వినేది ఫోన్లోనే కదండీ."

నిజమే అనిపించింది బాబాయ్‌కి.

"ఇంకో మాట. వేగంగా వచ్చి, అతని దగ్గర బ్రేకు వేయండి. ఆగొద్దు. గేరు మార్చి మళ్ళీ తొక్కేయండి."

బాబాయ్ మొహంలో నవ్వు ఒక్క క్షణం వాడింది. "అలా ఎవరు నడుపుతారండీ?"

"నడిపేవాళ్ళూ ఉంటారు."

పత్రికలో తన కార్ల బొమ్మ కళ్ళ ముందు మెదిలింది. బాబాయ్ తాళాలు తీసుకున్నాడు.

ఆమె గది తలుపులు బిగించుకుంది. ముందు తెల్లది వెళ్ళింది. చప్పుడు మెత్తగా జారిపోయింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

తర్వాత నల్లది. బొంగురు గొంతుతో దూరం నుంచే అరుచుకుంటూ వచ్చింది. కీచుమని బ్రేకు. ఒక్క ఊపిరి సేపు ఏమీ లేదు. మళ్ళీ గర్జన. చిన్నదవుతూ, ఇంకా చిన్నదవుతూ.

ఫోన్ ఆమె చెవికి అతుక్కుపోయింది. రెండో చెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది.

కెమెరా అతనితో పాటు లోపలికొచ్చాడు బాబాయ్. మొహం వెలిగిపోతోంది. "ఏం తేల్చారు మేడం? నాలుగా, ఆరా?"

"నాలుగు."

"నే చెప్పలేదూ! దీన్ని ఒక్కసారి వింటే జన్మలో మరిచిపోలేరు."

"అవును," అంటూ ఆమె కెమెరా పట్టుకున్న మనిషి వైపు తిరిగింది. "నలభై రోజుల కిందట మా ఆయన నాతో ఫోన్లో మాట్లాడుతూ రోడ్డు దాటుతుంటే ఆఖరున వినపడింది ఇదే, ఇన్‌స్పెక్టర్ గారూ."