టెంకకు వచ్చిన కల

ఎనభై రెండులో జోజిబాబు చర్చి గిటారుతో సైకెడెలిక్ రాక్ ఆల్బమ్ చేశాడు. క్యాసెట్ రెండు వైపులా ఒకటే కథ, మామిడి టెంకకు వచ్చిన కల. మరుసటి ఏడే జ్వరంతో పోయాడు. ఇప్పుడు బెజవాడ బ్యాండ్లన్నీ అవే బాణీలు వాయిస్తున్నాయి. ఆ ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించిన నా పేరు ఎవరికీ తెలియదు.

"నకళ్లన్నీ అరిగిపోయాయంట. రేపు బెజవాడ కుర్రాళ్లొచ్చి దీన్ని కాపీ తీసుకుంటారు. నీ దగ్గరుంటే భద్రంగా ఉంటది నాయనా," అంటూ జోజి వాళ్లమ్మ మగ్దలేనమ్మ అసలు క్యాసెట్ నా చేతికిచ్చింది.

ఆ రాత్రి ముసునూరు మామిడితోటలో కాపలా నాదే. ఎవరూ చెరపకుండా క్యాసెట్ అంచున జోజి రెక్కలు విరిచేసిన బొక్కలమీద కాగితం అంటించాను. టేప్ రికార్డర్‌లో పెట్టి, రికార్డు బటన్ నొక్కి, రెండు వైపులా పాటలు చెరిగిపోయేదాకా కూర్చున్నాను.

తర్వాత వెనక్కి తిప్పి విన్నాను. కీచురాళ్లు, నా దగ్గు, ఎక్కడో కాయ రాలిన చప్పుడు వినిపించాయి. ఆ వెంటనే గిటారు మొదలైంది.

"ఒరే ఇన్నయ్యా, ఇది కొత్తది, విను," అన్నాడు జోజి.

పాట చివరిదాకా విన్నాను. పాతవాటన్నిటికంటే బాగుంది.

టేపు మళ్లీ మొదటికి తిప్పి, రికార్డు బటన్ నొక్కాను.